నేల తుడుచు యంత్రము: వాడుక, పోషణ, మరమ్మతు

మన తిరుత్తణి, తిరువళ్లూరు ప్రాంతములలో ఇండ్ల నేలలు ఒక్క తీరుగా నుండవు. పాత యిండ్లలో రెడాక్సైడు కలిపిన ఎఱ్ఱ సిమెంటు నేలలును, కడపబండలు పఱచిన నేలలును కలవు. తరువాతి కాలమున కట్టినవానియందు మొజాయిక్కును, ఇటీవలివానియందు గ్రానైటు, విట్రిఫైడు పలకలును కనబడుచున్నవి. ఇట్టి గట్టినేలను ఊడ్చి, వంగి తడిగుడ్డతో తుడుచుట నడుమునకు, మోకాళ్లకు శ్రమ. ఆడికృత్తికకు బంధువులు వచ్చినపుడు ఈ శ్రమ రెట్టింపగును. అందువలన కొన్ని యిండ్లలోనికి నేల తుడుచు విద్యుద్యంత్రము వచ్చినది. వేలకొలది రూపాయలు పెట్టి కొన్న యా యంత్రము కొన్నాళ్లకే మూలకు చేరుటయు కద్దు. అట్లు మూలబడినవానిలో ఒక గంట శ్రద్ధతో మఱల నడువగలవి పెక్కు.

ఈ యంత్రమునందు నీరును, చెత్తయు నడచు భాగములు కొన్ని; విద్యుత్తు నడచు భాగములు కొన్ని. మొదటివానిని ఇంటివారే విప్పి, కడిగి, సరిచేసికొనవచ్చును. రెండవవానిని తెలిసిన పనివాడే ముట్టవలెను. ఈ రెంటికి నడుమనున్న యెల్లను గుర్తించుటయే ఈ పాఠముయొక్క ప్రయోజనము.

యంత్రము పుట్టుక

1901లో లండనునందు హ్యూబర్ట్ సెసిల్ బూత్ అను ఇంజనీరు గాలిని పీల్చుటచే దుమ్మును లాగు యంత్రమును నిర్మించెను. అది పెట్రోలుతో నడచు పెద్ద యంత్రము. గుఱ్ఱపుబండిపై వీధికి తెచ్చి, పొడవైన గొట్టములను ఇంటిలోనికి పంపి వాడెడివారు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున, కాంటన్ పట్టణములో, జేమ్స్ మరే స్పాంగ్లర్ అనునతడు ఒక దుకాణములో ఊడ్చు పని చేయుచుండెను. ఉబ్బసముతో బాధపడుచున్న యతనికి దుమ్ము మఱింత హాని చేయుచుండెను. అతడు పంకా మోటారు, చీపురుకఱ్ఱ, తలగడ గలీబు కూర్చి 1907లో చేతితో నడుపదగిన యంత్రమును చేసెను. 1908లో దానికి పేటెంటు లభించెను. ఊడ్చువాని బాధనుండియే ఈ సాధనము ఇంత చిన్నదై ఇంటికి వచ్చినదని విద్యార్థులు గమనింపవలెను.

నిర్మాణము

నేడు గట్టినేలలకు వాడు యంత్రములలో పెక్కింటికి రెండు తొట్లుండును. ఒకదాని యందు మంచినీరు, రెండవదాని యందు మురుగునీరు. మంచినీరు సన్నని రంధ్రముల ద్వారా బ్రష్షుమీదకు గాని, నేలమీదకు గాని జారును. బ్రష్షు గిరగిర తిరిగి మురికిని వదల్చును. కొన్ని యంత్రములలో మోటారునుండి బ్రష్షునకు ఒక పండ్ల బెల్టు చలనమును అందించును. వెనుకనున్న పంకా గాలిని బలముగా లాగుటచే మురుగునీరు గొట్టముగుండ రెండవ తొట్టిలో పడును. గాలి మాత్రము ఫిల్టరు దాటి వెలుపలికి పోవును. మురుగుతొట్టిలో ఒక చిన్న బెండు కలదు. తొట్టి నిండగనే అది తేలి గాలిదారిని మూయును. నీరు మోటారులోనికి పోకుండుటకే ఈ యేర్పాటు.

నేలను ఎఱుగుట

యంత్రమును నడుపుటకు ముందు నేల యెట్టిదో తెలియవలెను. కడపబండ సున్నపురాయి జాతికి చెందినది. చలువరాయియు, చలువరాతి ముక్కలతో చేసిన మొజాయిక్కును కాల్షియం కార్బొనేటు గలవియే. కనబడని మూలలో పడియున్న కడపబండ ముక్కపై నిమ్మరసపు చుక్క వేసి చూడుడు. సన్నని బుడగలు లేచును. అది బొగ్గుపులుసు వాయువు. రాయి కరగుచున్నదనుటకు అదియే సాక్ష్యము. కావున ఆమ్లము గల ద్రవములను ఈ నేలలపై పోయరాదు. ఎఱ్ఱ సిమెంటు నేలకును ఆమ్లము హానికరమే. గ్రానైటు, విట్రిఫైడు పలకలు దీనిని చాలవఱకు తట్టుకొనును.

ఇసుక మఱియొక శత్రువు. ఖనిజముల కాఠిన్యమును 1 నుండి 10 వఱకు లెక్కించు మోస్ కొలతలో, ఇసుకలోని స్ఫటికమునకు 7, చలువరాతిలోని కాల్సైటునకు 3. ఇసుక రేణువు తిరుగు బ్రష్షుక్రింద చిక్కెనా, చలువరాతిపై గీతలు పడును. ముందుగా పొడి చీపురుతో ఊడ్చుటకు ఇదియే కారణము. గడపవద్దనున్న ముగ్గుపిండిని కూడ పొడిగానే తీసివేయవలెను. తడిసినచో అది ముద్దయై గొట్టములో అంటుకొనును.

వాడు విధము

చేతులు పొడిగా నుండగా ప్లగ్గును సాకెట్టులో పెట్టవలెను. మూడు ముళ్ల ప్లగ్గులో పెద్ద ముల్లు ఎర్తు కొఱకు. దానిని విఱుచుట గాని, ఎర్తు లేని సాకెట్టుకు తగిలించుట గాని కూడదు. తీగ ఎల్లప్పుడు తడినేలకు దూరముగా, మన వెనుకవైపున ఉండవలెను. లోపలి మూలనుండి మొదలిడి వాకిలివైపు వచ్చినచో తడిసిన చోట అడుగుపెట్టనక్కఱలేదు. నేల ఆరువఱకు వృద్ధులను, పసిపిల్లలను ఆ దారిని నడువనీయరాదు. జారిపడిన వృద్ధులకు తుంటియెముక విఱిగినచో నెలల తరబడి మంచము పట్టవలసివచ్చును.

సబ్బుద్రవము చిన్నపుస్తకమున చెప్పినంతయే కలుపవలెను. ఎక్కువైనచో నురుగు లేచును. నురుగులో బెండు సరిగా తేలదు. నురుగు మోటారును చేరవచ్చును. బ్లీచింగు ద్రవమును ఆమ్లముతో ఎన్నటికి కలుపరాదు. ఆ కలయికనుండి వెలువడు క్లోరిన్ విషవాయువు. తలుపులు మూసిన స్నానపుగదిలో అది ప్రాణాపాయము.

పని ముగిసిన పిదప

నేల శుభ్రమైనది, యంత్రమిపుడు మురికిది. మురుగుతొట్టిని ఆ నాడే పారబోసి, కడిగి, మూత తెఱచి ఆరబెట్టవలెను. మఱునాటికి ఉంచినచో దుర్గంధము పుట్టును. బ్రష్షుకు చుట్టుకొన్న వెండ్రుకలను, దారములను కత్తెరతో కోసి తీయవలెను. కడుగదగిన ఫిల్టరైనచో కడిగి, పూర్తిగా ఆరిన పిమ్మటనే బిగింపవలెను. మంచినీటి తొట్టిలో నీరు నిలువ యుంచరాదు.

దోషములు, నివారణ

ఏ దోషమును వెదకుటకైనను ముందు ప్లగ్గును ఊడదీయవలెను. స్విచ్చి ఆర్పుట చాలదు.

1. పీల్పు తగ్గినచో: మొదట మురుగుతొట్టి నిండెనేమో చూడవలెను. తరువాత బెండు మురికితో అంటుకొనెనేమో, ఫిల్టరు పూడెనేమో, గొట్టములో ముద్ద అడ్డుపడెనేమో, మూత చుట్టునున్న రబ్బరు వాషరు చిట్లెనేమో వరుసగా పరీక్షింపవలెను.

2. బ్రష్షు తిరుగనిచో: దాని యిరుకొనలయందు వెండ్రుకలు బిగిసెనేమో చూడవలెను. మోటారు శబ్దము వచ్చుచు బ్రష్షు మాత్రము నిలిచియున్నచో బెల్టు తెగియుండవచ్చును. యంత్రముపై నున్న మోడలు సంఖ్యను వ్రాసికొనిపోయి అదే బెల్టును తేవలెను.

3. నీరు జారనిచో: తొట్టి సరిగా కూర్చుండెనో లేదో చూచిన పిదప, సన్నని రంధ్రములను పరీక్షింపవలెను. కఠినజలమైన బోరునీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణములుండును. అవి తెల్లని పొలుసుగా రంధ్రములలో పేరుకొనును. చిన్నపుస్తకము అనుమతించినచో వినెగరు కలిపిన నీటితో ఆ భాగమును నానబెట్టి, మంచినీటితో రెండు మూడు మార్లు కడుగవలెను. ఆ పులుపు రాతినేలపై పడనీయరాదు. నీటిని కాచి, చల్లార్చి, వడకట్టి పోసినచో తాత్కాలిక కాఠిన్యము తగ్గి, పొలుసు అంత త్వరగా పట్టదు.

4. నేలపై చారలు, జిగట మిగిలినచో: సబ్బు ఎక్కువైనదని గ్రహించి, ఒకమారు వట్టినీటితో తుడువవలెను.

ఎల్ల యెక్కడ?

కాలిన వాసన, పొగ, ముట్టుకొన్నపుడు చుఱుక్కుమనుట, తీగపై తొడుగు చిట్లుట: వీనిలో ఏ యొక్కటి కనబడినను ఇంటివారి పని ముగిసినట్లే. బోర్డువద్ద మెయిన్ స్విచ్చి ఆర్పి, ప్లగ్గును తీసి, పనివానికి చూపవలెను. కొన్ని మోటారులలో కార్బను ముక్కలు ఒరసికొని క్రమముగా అరుగును. నిప్పురవ్వలు పెరుగుట అందుకు సూచన కావచ్చును. వానిని మార్చుట తెలిసినవాని పని. బ్యాటరీతో నడచు యంత్రములో బ్యాటరీ ఉబ్బినచో దానిని మఱల చార్జి చేయరాదు, గుచ్చరాదు, చెత్తబుట్టలో వేయరాదు.

మన యిండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులది. తడినేలపై నిలిచిన దేహముగుండ అది సులభముగా ప్రవహించును. కావున ఇంటిబోర్డులో ఆర్.సి.సి.బి. అను సాధనముండుట మేలు. అది పోవు కరెంటును, తిరిగివచ్చు కరెంటును పోల్చుచుండును. ఇండ్లలో సాధారణముగా వాడుదానియందు తేడా 30 మిల్లీఆంపియర్లకు చేరగనే ప్రవాహము తెగిపోవును. దానిపైనున్న పరీక్షా మీటను అప్పుడప్పుడు పెద్దలు నొక్కి చూడవలెను.

విద్యార్థులారా! యంత్రముతో వచ్చు చిన్నపుస్తకము సాధారణముగా ఆంగ్లమున నుండును. దానిని వాడునది మాత్రము అమ్మయో, అవ్వయో, పనికి వచ్చు అక్కయో. చదువగల మీరు దాని సారమును అవ్వకు తెలుగున, తమిళము మాటలాడు అక్కకు తమిళమున చెప్పవలెను. రెండు భాషలు తెలిసిన పిల్లలున్న యింట ఏ హెచ్చరికయు చదువబడక మిగిలిపోరాదు.

అభ్యాసము

1. మురుగుతొట్టిలోని బెండు చేయు పని యేమి?
2. కడపబండ నేలపై ఆమ్లమును ఏల పోయరాదు?
3. పీల్పు తగ్గినపుడు చూడవలసిన భాగములను వరుసగా వ్రాయుడు.
4. మీ యింటిలో ఏయే గదుల నేల ఏ రాతిదో పెద్దలనడిగి పట్టిక వ్రాయుడు.
5. ఇంటివారు ముట్టరాని దోషములను నాల్గింటిని మీ అవ్వకు చెప్పి, ఆమెచేత మఱల చెప్పించుడు.