సంకల్పము కాయకమగుట

ప్రతి సంవత్సరము వైశాఖ శుద్ధ తదియనాడు బసవ జయంతి జరుపుకొనునప్పుడు భక్తజనులు ఎన్నియో సత్సంకల్పములు చేయుచుందురు. లాభములో కొంత భాగమును దాసోహమునకు తీసియుంచెదనని వర్తకుడు, పడావు పడిన చెలకను ఈ యేడు సాగులోనికి తెచ్చెదనని రైతు, సంఘపు లెక్కలను నెలనెలా సభ్యుల ముందుంచెదనని కార్యదర్శి అనుకొందురు. ఆ మాట అబద్ధము కాదు. ఆ క్షణమున మనస్సు నిర్మలముగనే యుండును. కాని మృగశిర కార్తె ప్రవేశించునాటికి ఆ సంకల్పము ఎక్కడనున్నదో వెదకవలసి వచ్చును. మాటలు కోటలు దాటును గాని కాళ్ళు గడప దాటవను సామెత ఇట్టి అనుభవము నుండి పుట్టినదే.

దుస్సంకల్పము వలన కలుగు హాని అందరికి తెలియును. చేయక విడిచిన సత్సంకల్పము వలన కలుగు హాని మాత్రము కంటికి కనబడదు. చేసెదనన్నవానిని నమ్మి మరియొకడు ఆ పని మానును. సహాయము వచ్చునని ఎదురుచూచిన బీదవాడు అదను తప్పిపోవును. పలుమారులు ఇట్లు జరిగిన పిదప నాయకుని మాటకు ఊరిలో విలువయుండదు. కావున సంకల్పమునకు కార్యమునకు నడుమనున్న ఎడమును శరణులు ఎట్లు దాటిరో తెలిసికొనుట ఈ పాఠము యొక్క ఉద్దేశము.

కాయకమే పేరు

12వ శతాబ్దమున కల్యాణ నగరము కేంద్రముగా బసవేశ్వరుడు నడిపిన ధర్మోద్యమమునకు కాయకము, దాసోహము రెండు కన్నులు. నీతితో దేహమును వంచి చేయు పని కాయకము. దాని ఫలమును తనదను అహంకారము లేక సమాజమునకు సమర్పించుట దాసోహము. మడివాళ మాచయ్య బట్టలుతికెను. అంబిగర చౌడయ్య పడవ నడిపెను. నులియ చందయ్య గడ్డితో త్రాళ్ళు పేనెను. వీరి పేర్లకు ముందు వీరి పనులే చేరియున్నవి. ఫలానా పని చేయదలచినవాడు అని ఏ శరణునికిని పేరు రాలేదు.

ఆ కల్యాణమే నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణము. జహీరాబాదు, మొగుడంపల్లి వంటి సరిహద్దు ప్రాంతములవారికి అది దూరదేశము కాదు. తెలుగు, కన్నడము రెండును వినిపించు ఈ సీమకు శరణుల చరిత్రలు రెండు భాషలలోను అందినవి. పాల్కురికి సోమనాథుడు తెలుగు ద్విపదలో రచించిన బసవపురాణమును భీమకవి 14వ శతాబ్దమున కన్నడములోనికి తెచ్చెను.

లక్కమ్మ చెప్పిన రెండు పాఠములు

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతులు కల్యాణమున బియ్యపు గింజలు ఏరుకొనుటనే కాయకముగా గైకొనిరి. ఏరిన ఆ బియ్యముతోనే జంగమ దాసోహము జరుపుచుండిరి. ఒకనాడు మారయ్య అనుభవ మంటపమున అల్లమప్రభువు సన్నిధిని తత్త్వచర్చలో మునిగి కాయకపు వేళను మరచెనని శరణ సంప్రదాయము చెప్పుచున్నది. అప్పుడు లక్కమ్మ వచ్చి, కాయకము నిలిచిపోయినదని అతనికి గుర్తుచేసెను. అతడు వినుచున్నది వ్యర్థ ప్రసంగము కాదు, పరమార్థమే. అయినను, ఎంతటి గొప్ప మాటయైనను చేయవలసిన పని స్థానమును ఆక్రమింపరాదని ఆమె భావము. నేటి సభలలో గంటలకొలది తీర్మానములు చర్చించి ఇంటికి వెళ్ళువారు ఈ ఘట్టమును తప్పక స్మరింపవలెను.

మరియొకనాడు మారయ్య నిత్యము తెచ్చుదానికంటె అధికముగా బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఈ అధికము భక్తి వలన వచ్చినదా, ఆశ వలన వచ్చినదా అని నిలదీసి, ఎక్కువైన బియ్యమును తెచ్చినచోటనే విడిచి రమ్మనెను. మొదటి పాఠము పని మానకుమని చెప్పుచుండగా, రెండవ పాఠము పనికి కొలత యుండవలెనని చెప్పుచున్నది. ఒకనాటి ఉత్సాహములో కొండంత పని తలకెత్తుకొని మరునాడు దించివేయుట కంటె, ప్రతిదినము మానెడు గింజలు ఏరుట మేలు. సంకల్పములలో పెక్కు చిన్నవగుట చేత చెడుటలేదు. కొలత లేకపోవుట చేత చెడుచున్నవి.

భండారి లెక్క

బసవేశ్వరుడు మంగళవాడలో కరణికపు కొలువుతో ఆరంభించి, బిజ్జలుని భండారియై కల్యాణమున కోశాగారమును నిర్వహించెను. అనగా ధర్మబోధకుడైన ఆ మహానుభావుడు దినదినము లెక్కల నడుమ జీవించినవాడు. రాజధనమును జంగములకు వ్యయము చేయుచున్నాడని గిట్టనివారు రాజునకు కొండెములు చెప్పగా, భండారమును లెక్కించి చూచినప్పుడు ఏమియు తక్కువ కాలేదని పురాణకథ. ఈ కథలోని మహిమను భక్తులు భక్తితో స్వీకరింతురు. వ్యాపారము చేయువారు, సంఘములు నడుపువారు గ్రహింపవలసిన అర్థము మరియొకటి కూడ కలదు. ఎవరు ఎప్పుడు అడిగినను తెరచి చూపదగిన లెక్క గలవాడే దానము చేయుటకు అర్హుడు.

పంచాచారములలో సదాచారము నీతిగల వృత్తితో జీవింపుమని బోధించును. భృత్యాచారము తాను అందరికి సేవకుడనని తలచి మెలగుమని బోధించును. ఈ రెండును కలిసినప్పుడే నాయకత్వము. సదాచారము లేని సేవ పరుల సొమ్ముతో చేసిన ఆడంబరమగును. భృత్యాచారము లేని నిజాయితీ ఆజ్ఞలు జారీచేయుటతో ఆగిపోవును.

మెతుకుసీమ నేలపై ఒక నిదర్శనము

ఈ బోధ పూర్వకాలమునకే పరిమితమని తలచువారికి జహీరాబాదు ప్రాంతమే సమాధానము చెప్పుచున్నది. 1983లో పస్తాపూరు కేంద్రముగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఏర్పడినది. దాని అండతో చుట్టుపట్ల సుమారు 75 గ్రామములలో పేద స్త్రీలు సంఘములుగా కూడిరి. వారిలో దళిత స్త్రీలే అధికము. వీరు బసవ ధర్మమును పేరుపెట్టి అనుసరించినవారు కారు. కాని హరళయ్య, మాదార చెన్నయ్య, డోహర కక్కయ్య వంటి శ్రమజీవులకు సమాన పీఠమిచ్చిన ధర్మమును నమ్మువారు ఈ స్త్రీల పని నుండి నేర్చుకొనుటకు సంకోచింపనక్కరలేదు.

ఈ ప్రాంతపు వానాధార భూములలో జొన్న, కొర్ర, సామ, తైద, కంది వంటి పంటలు తరతరములుగా పండుచుండెను. చౌకధరల దుకాణమున బియ్యము లభించుట మొదలైన పిదప బీదల ఆకలి కొంత తీరినది గాని, జొన్నకు ఆదరణ తగ్గి చిన్న చెలకలు పడావు పడసాగినవి. మన తిండి మన నేలలోనే పండవలెనని సంఘ స్త్రీలు సంకల్పించిరి. ఇంతవరకు ఇది ఎవరైనను అనగల మాటయే.

1990ల మధ్యలో వారు ఆ మాటను పనిగా మార్చిన తీరు గమనింపదగినది. పడావు భూములు గల చిన్న రైతులను గ్రామగ్రామమున గుర్తించిరి. దున్నకము, ఎరువు, విత్తనము మొదలగు వాటికి ఏ పనికి ఆ పని వేళలో విడతలుగా అప్పు ఇచ్చిరి. ఆ అప్పును రొక్కముగా గాక జొన్నల రూపమున తిరిగి తీసికొనిరి. ఆ ధాన్యమును ఊరిలోనే నిలువచేసి, పనులు లేని కరువు నెలలలో బీదలకు చౌకగా అమ్మిరి. ఎవరు బీదలన్న ప్రశ్నకు దొరతనపు చీటీపై ఆధారపడలేదు. ఊరిజనమందరు కూడి, నేలపై ఊరి పటము వేసి, ఇంటింటి స్థితిని బహిరంగముగా తేల్చిరి. విత్తనములను బూడిద, వేపాకు కలిపి బుట్టలలో దాచి, అడిగినవారికిచ్చి, పంట వచ్చిన పిమ్మట కొంత అధికముగా తిరిగి పుచ్చుకొనిరి.

తమ మాటను తామే వినిపించుకొనుటకు 2008లో మాచునూరున సంఘం రేడియోను ఆరంభించిరి. 2019లో ఈ సంఘములకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమపు ఈక్వేటర్ బహుమానము లభించెను. సంస్థ స్థాపకులలో ముఖ్యులైన పి.వి.సతీష్ 2023 మార్చిలో మరణించిరి. ఆ సంవత్సరమునే ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యముల సంవత్సరముగా పాటించెను. ప్రపంచము చిరుధాన్యములను కొనియాడిన ఆ నాటికి, ఈ స్త్రీల బుట్టలలో విత్తనములు దశాబ్దములుగా భద్రముగనే యున్నవి.

నాలుగు మెట్లు

శరణుల చరిత్రలను, ఈ స్త్రీల అనుభవమును కలిపి చూచినచో సంకల్పము కాయకమగుటకు నాలుగు మెట్లు కనబడుచున్నవి.

మొదటిది కొలత. ఎంత, ఎవరికి, ఎన్నాళ్ళు అను ప్రశ్నలకు అంకెలలో సమాధానము చెప్పలేని సంకల్పము ఇంకను కోరికయే.

రెండవది అదను. వాన పడిన పిదప అందిన విత్తనపు అప్పు పంటనిచ్చును. అదను దాటిన పిదప అందినది అప్పుగా మిగులును. పని యొక్క తిథిని పని నిర్ణయించును గాని చేయువాని తీరిక నిర్ణయింపదు.

మూడవది బహిరంగ లెక్క. రహస్యముగా చేసిన సంకల్పమును రహస్యముగనే విడువవచ్చును. పదిమంది ఎదుట ఉంచిన లెక్క మనిషిని నిలబెట్టును.

నాల్గవది పంపకము. ఒక్కరి వెంటనే పోవు పని దాసోహము కాజాలదు. నాయకుడు లేని దినమున కూడ సాగునట్లు పనిని పదిమంది చేతులలో పెట్టుటయే భృత్యాచారము.

2016లో మండల కేంద్రమైన మొగుడంపల్లిలో ఒక ఎరువుల వర్తకుడు రైతులకు మేలు చేయవలెనని తలచెననుకొందము. ఇది ఇంకను కోరిక. మృగశిరకు ముందే 10 మంది చిన్న రైతులకు కంది విత్తనమును అప్పుగా ఇచ్చెదను, పంట పిదప గింజలుగనే తీసికొందును, లెక్క దుకాణపు గోడపై వ్రాసియుంచెదను, మరుసటి యేడు ఆ లెక్కను ఆ రైతులలో ఒకరే చూచునట్లు చేసెదను అని నిశ్చయించినచో అది కాయకము. వాన రాక పంట పోయినచో ఏమి చేయవలెనని అడుగవచ్చును. అప్పుడు ఆ సంగతిని పదిమందిలో ఒప్పుకొని, 10 మందికి బదులు నలుగురితోనైనను మరల ఆరంభింపవలెను. కొలతను తగ్గించుట దోషము కాదు. చెప్పక విడుచుట దోషము.

ఆచరణకు

పాఠకులు ఇష్టలింగ పూజానంతరము ఈ ప్రశ్నలను తమలో తాము విచారించుకొనవలెను. గత బసవ జయంతినాడు చేసిన సంకల్పమేది? దానికి కొలత, తిథి నిర్ణయించుట జరిగినదా? దాని లెక్కను చూడగలవారు ఇంటిలో గాని, దుకాణమున గాని, సంఘమున గాని ఎవరైన కలరా? తాను నెలదినములు ఊరిలో లేకపోయినచో ఆ పనిని కొనసాగించువారెవరు?

ఈ ప్రశ్నలలో ఒక్కదానికైనను సమాధానము దొరకనిచో క్రొత్త సంకల్పము చేయనక్కరలేదు. పాతదానినే చేతికెత్తుకొని, అందులో ఈ దినమునకు సరిపడు మానెడు పనిని ఈ దినముననే చేయవలెను. మారయ్యకు లక్కమ్మ గుర్తుచేసినది అంతమాత్రమే. శరణు శరణార్థి.