పాపమును నిర్ణయించువాడు దేవుడా? మానవుడా?

మాఘమాసమున అంతర్వేది తీర్థమునకు, పుష్కరములందు గోదావరీ స్నానమునకు పోవు యాత్రికులలో పాపవిమోచనమును కోరనివారు అరుదు. సంకల్పము చెప్పించు పురోహితుడు జన్మజన్మాంతర దురితక్షయమును పేర్కొనకుండ కర్మ నారంభింపడు. అయినను, పోవలసిన ఆ పాపమేది, దానిని పాపమని నిర్ణయించినదెవరు అను ప్రశ్న మాత్రము పెక్కుమంది మనస్సులలో తీరని సందేహముగనే మిగిలియున్నది. ఈ ప్రశ్నకు లోకమున రెండు సమాధానములు వినవచ్చుచున్నవి. పాపపుణ్యములు పూర్తిగా దైవనిర్ణీతములు, పెద్దలు చెప్పిన ప్రతి నిషేధము భగవదాజ్ఞయే యనువారు కొందరు. పాపమనునది కాలానుగుణముగ మనుష్యులు కల్పించుకొన్న కట్టుబాటు మాత్రమే యనువారు మరికొందరు. ఈ రెండింటిలో ఏ యొక్కదానిని పట్టుకొన్నను గృహస్థు దారి తప్పును. ఎట్లు తప్పునో, సరియైన దారి యేదియో యథాశక్తి విచారింతము.

శాస్త్రదృష్టి

మన దర్శనకారులు ఈ విషయమును లోతుగ పరిశీలించిరి. మీమాంసకుల మతమున ధర్మాధర్మములకు ప్రమాణము వేదవిధి. అది పౌరుషేయము కాదు. నిషిద్ధకర్మ నాచరించినచో దురితమను అదృష్టశక్తి పుట్టి, కాలాంతరమున దుఃఖఫలము నిచ్చునని వారందురు. నైయాయికులు అధర్మము ఆత్మయందుండు ఒక గుణమందురు. భగవద్రామానుజుల సిద్ధాంతము వీనికంటె భిన్నమైనది. పాపమనగా ఎక్కడనో నిలువయుండు జడశక్తి కాదు. ఆజ్ఞోల్లంఘనము చేసిన జీవునియెడ భగవానునకు కలుగు అప్రీతియే పాపము. ఆయన ప్రీతియే పుణ్యము. బ్రహ్మసూత్రముల చతుర్థాధ్యాయమున విద్యచే పాపము నశించునని చెప్పుచోట శ్రీభాష్యకారులు ఈ యర్థమును స్పష్టపరచిరి.

అట్లయిన భగవానుడు తనకు తోచినదానిని పాపమనెనా, మరియొకటి తోచియుండిన దానినే పుణ్యమనెడివాడా యని శంక కలుగవచ్చును. ఈశ్వరునకు పక్షపాతము గాని నిర్దయ గాని లేదని సూత్రకారుడు ద్వితీయాధ్యాయముననే తీర్మానించెను. ఆయన అనంతకల్యాణగుణాకరుడు. ఆజ్ఞ ఆయన స్వభావమునుండి వెలువడినది కాని ఇచ్చవచ్చినట్లు చేసినది కాదు. నూతిగట్టు నెక్కవలదని తల్లి బిడ్డను నిషేధించుట తన అధికారమును చూపుటకు కాదు గదా! కనుక పాపమునకు మూలము భగవత్సంకల్పమే. ఇంతవరకు మొదటి పక్షమువారి మాట సరియైనదే.

మానవుని హస్తము

అయితే ఆ సంకల్పము మనకు చేరిన మార్గమును చూడవలెను. మనువు ధర్మమునకు వేదము, స్మృతి, సదాచారము, ఆత్మతుష్టి అని నాలుగు ప్రమాణములను చెప్పెను. వీనిలో మొదటిది తప్ప తక్కిన మూడింటియందును మానవుని బుద్ధి, జ్ఞాపకము, నడవడి చేరియున్నవి. స్మృతికర్తలు ఋషులేయైనను వారిలో వారికి అభిప్రాయభేదము లుండినవి.

దీనికి మన యిండ్లలోనిదే యొక యుదాహరణము. మేనమామ కూతురిని వివాహమాడుట ఆంధ్రదేశమున ఆదరముతో సాగిన ఆచారము. కోనసీమలో మేనరికపు సంబంధము లేని కుటుంబము దొరకుట కష్టము. ఉత్తరదేశమున దీనినే ఘోరపాపముగ భావింతురు. బౌధాయనుడు తన ధర్మసూత్రములలో దాక్షిణాత్యుల ఆచారము లైదింటిని, ఔత్తరాహుల ఆచారము లైదింటిని లెక్కించెను. మనవానిలో మేనమామ కూతురిని, మేనత్త కూతురిని పెండ్లాడుటయు, చద్దియన్నము తినుటయు ఉన్నవి. వారివానిలో ఉన్ని అమ్ముట, ఆయుధజీవనము, సముద్రయానము మొదలగునవి యున్నవి. ఏ దేశమువారికి ఆ దేశాచారము ప్రమాణమనియు, ఒకచోటి ఆచారమును మరొకచోట పాటించినవాడు దోషి యగుననియు బౌధాయనుని మాట. ఇది సరికాదని గౌతముని మతమును కూడ ఆ గ్రంథమే పేర్కొన్నది. తరువాతి కాలమున కుమారిలభట్టు ఈ వివాహమును గర్హించెను. పరాశరస్మృతికి వ్యాఖ్య వ్రాసిన మాధవాచార్యులు దానిని సమర్థించిరి. ఇరువురును వేదమును శిరసావహించినవారే, ఇరువురును మహాపండితులే. ఒకే కర్మ వింధ్యకు ఆవల పాపము, ఈవల మంగళకార్యమును అయినప్పుడు ఆ సరిహద్దును గీచినది మనుష్యులేయని ఒప్పుకొనక తప్పదు.

మహాభారతమున ఆదిపర్వమునందు మాండవ్యోపాఖ్యానము ఇంతకంటె ఆశ్చర్యకరమైనది. నిరపరాధియైన మాండవ్యమహర్షి శూలారోపణమునకు గురియై, పిదప ధర్ముని యొద్దకు పోయి కారణ మడిగెను. చిన్ననాడు గడ్డిపోచతో పురుగులను గ్రుచ్చినందుకు ఫలమిది యని ధర్ముడు బదులు చెప్పెను. అంత ముని, అల్పాపరాధమునకు ఇంత దండన తగదని, పదునాలుగేండ్ల ప్రాయము వరకు చేసినది పాతకము కాకుండునట్లు లోకమునకు హద్దు నిర్ణయించి, ధర్ముని విదురుడై పుట్టునట్లు శపించెను. ధర్మదేవత ఆ శాపమునకు తలయొగ్గెను. పాపమునకు హద్దును దిద్దుటలో ఋషియైన మానవునకును అధికారము కలదని మన ఇతిహాసమే ఒప్పుకొనుచున్నది.

కాలువనీటి దృష్టాంతము

ఈ రెండు విషయములను పొందుపరచుటకు కోనసీమవారికి దృష్టాంతమును దూరముగ వెదకనక్కరలేదు. గౌతమికి, వసిష్ఠకు నడుమ, వైనతేయ పాయ పారు ఈ లంకభూమికి ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తియైన పిమ్మట కాలువనీరు వచ్చినది. ఆ నీటిని మనుష్యుడు సృష్టింపలేదు, అది భగవద్దత్తము. కాలువలు, లాకులు, బోదెలు మనుష్యులు త్రవ్వినవి. నీరు మనది కాదు గనుక కాలువ అక్కరలేదనువాని చేను ఎండును. కాలువ మేము త్రవ్వినదే గనుక గట్టు తెగగొట్టెదమనువాడు పొరుగువాని చేనును ముంచును. ఏటేట పూడిక తీయనిచో మంచి కాలువయు నీటిని పారనీయదు. ధర్మమును ఇట్టిదే. దాని నీరు భగవత్సంకల్పము. దాని కాలువలు స్మృతులు, దేశాచారములు. పూడిక తీయుట శిష్టుల విధి. పూడికనే నీరని భ్రమించుట అవివేకము.

పూడికను పూజించుట

భగవంతుడు పాపమని చెప్పనిదానిని ఆయన పేర పాపమనుట మొదటి ప్రమాదము. తిరుప్పాణాళ్వారు చరిత్రము ఎరుగని వైష్ణవగృహము లేదు. కావేరీతీరమున గానపరవశుడైయున్న ఆ భక్తుని, త్రోవకు అడ్డమైన అంటరానివాడని లోకసారంగముని రాతితో కొట్టెను. నెత్తురు రంగనాథుని ఫాలమున కనబడెను. ఆ ఆళ్వారును భుజములపై మోసికొని రావలసినదిగ స్వామి ఆ మునినే ఆజ్ఞాపించెను. ముని యెంచిన పాపము వేరు, స్వామి యెంచిన పాపము వేరు. దారిలో నిలుచుట కాదు, రాయి విసరుటయే అపచారమైనది. ఈ కథను శతాబ్దములుగ చెప్పుకొనుచునే మన సమాజము హరిజనులను ఆలయముల వెలుపల నిలిపినది. 1947లో మద్రాసు రాష్ట్రమున ఆలయప్రవేశ శాసనము రావలసివచ్చినది. ధ్వజస్తంభము దాటుట పాపమని వారికి చెప్పినది దేవుడు కాడు.

సముద్రయానమును బౌధాయనుడు పతనహేతువులలో చేర్చెను. నిత్యకర్మలకు భంగము కలుగునను భయము ఆనాడు దానికి కారణమై యుండవచ్చును. అంతర్వేది లక్ష్మీనృసింహస్వామికి 1823లో పూర్తియైన ప్రస్తుతాలయమును నిర్మించిన ముఖ్యులలో బెండమూర్లంక వాస్తవ్యుడు, అగ్నికులక్షత్రియుడు అయిన కొపనాతి కృష్ణమ్మ ఒకడు. ఆ కులమువారికి తరతరములుగ సముద్రమే జీవనాధారము. వసిష్ఠా సాగరసంగమమున సముద్రపు హోరు వినుచు నిలిచిన స్వామి, కడలిని నమ్ముకొన్నవారి కైంకర్యమును ఆనందముగ స్వీకరించెను. నేడు ఈ సీమనుండి వేలకొలది జనులు పొట్టకూటికై సముద్రములు దాటి పోవుచున్నారు. అమ్మకు, అయ్యకు అన్నము పెట్టుటకై పోయినవానిని పతితుడనుటకు ఏ శిష్టుడును నేడు సాహసింపడు.

గట్టును తెగగొట్టుట

రెండవ ప్రమాదము మొదటిదానికి ప్రతిబింబము. ఆచారములు మారినవి గనుక పాపమనునదే లేదనుట, పదిమందియు చేయుచున్నారు గనుక దోషము లేదనుట. వరకట్నమును చూడుడు. 1961లో శాసనము నిషేధించినను ఆడుచునే యున్నది. ఇచ్చువాడు పరువనుకొనును, పుచ్చుకొనువాడు హక్కనుకొనును. స్త్రీధనమును అనుభవించు బంధువులు అధోగతి పాలగుదురని మనుస్మృతి హెచ్చరించినది. మేనరికము తప్పా ఒప్పా యని మూడుదినములు చర్చించు పెద్దలు, ఆ పెండ్లిలోనే కట్నపు బేరము సాగుచున్నప్పుడు మౌనము వహించుట వింతగదా! సంఘము అంగీకరించినంతమాత్రమున పాపము పుణ్యము కానేరదు.

మాటను పట్టుకొని భావమును విడుచుటయు ఇట్టిదే. కర్ణపర్వమున శ్రీకృష్ణుడు అర్జునునకు కౌశికుని కథ చెప్పెను. సత్యమే పలుకుదునని వ్రతము పట్టిన ఆ విప్రుడు, దొంగలడుగగా అడవిలో దాగినవారి జాడ చెప్పి వారి మరణమునకు కారకుడై నరకమును పొందెను. నియమము తప్పలేదు, పాపము మాత్రము తప్పలేదు.

గౌతముడు, గోదావరి

మన నది పుట్టుకయే ఈ ప్రశ్నకు ఉత్తరము. పురాణభేదమున కథలో కొంత భేదమున్నను సారాంశ మొక్కటి. క్షామమున తన యాశ్రమమున అన్నము తిన్న మునులే అసూయచే గౌతముని వెడలగొట్టదలచి మాయాగోవును ఆయన పైరుపైకి తోలిరి. ఆయన గడ్డిపోచతో అదలింపగా అది పడి చచ్చెను. గోహత్య, గోహత్యయని అందరును ఏకకంఠముగ పలికిరి. గౌతముడు వాదింపక తపస్సు చేసెను. ప్రత్యక్షమైన పరమేశ్వరుడు, నీవు నిష్పాపుడవు, నీకు కీడు తలపెట్టినవారే పాపులని తేల్చినట్లు శివపురాణము చెప్పుచున్నది. అయినను గౌతముడు గంగనే కోరెను. విష్ణుపాదోద్భవయైన ఆ గంగయే గోదావరియై మనకు దక్కినది.

ఇందు రెండు బోధలు కలవు. సభ అంతయు ఏకమై పలికినను లేని పాపమును పుట్టింపజాలదు, హృదయము నెరిగినవాడు వేరొకడున్నాడు. ఇది మొదటిది. తనను తాను పరీక్షించుకొనుటకు వెనుదీయని వినయమువలన లోకమునకు మేలు కలుగును. ఇది రెండవది. పాపమును ఇతరులయందు వెదకినవారు ఆశ్రమమున కలహమును మిగిల్చిరి. ప్రాయశ్చిత్తమును తనయందు ఆరంభించినవాడు నదిని తెచ్చెను.

గృహస్థునకు నికషము

మరి నిత్యజీవితమున సందేహము కలిగినప్పుడు ఏమి చేయవలెను? శాస్త్రమును ఎరిగినవారి నడుగవలెను. వారిలో భేదమున్నచో రాగద్వేషములు లేని సజ్జనుల నడవడిని చూడవలెను. ఆపైన మూడు ప్రశ్నలను తనకు తాను వేసికొనవలెను. దీనివలన మరియొక ప్రాణి నొచ్చునా? దీనిని స్వామి సన్నిధిని నిలిచి దాచకుండ చెప్పగలనా? ఇతరులకు విధించు ఈ నిషేధమును నాకు నష్టము కలిగినను నేను పాటింతునా? మూడవ ప్రశ్న ముఖ్యమైనది. మనకు బరువు కాని పాపములనే మనము ఇతరులకు బోధించుట లోకసహజము.

లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు ఈ నికషమునకు నిలిచిన గృహిణి. 1841లో మండపేటలో జన్మించి, జోగన్నగారి ఇల్లాలై, 1909లో పరమపదించువరకు వేళయనక, కులమనక అన్నము పెట్టిరి. ఆ తల్లి ఒకమారు అంతర్వేది స్వామిదర్శనమునకు బయలుదేరి, దారిలో విశ్రమించినచోట, గన్నవరము చేరినచో సీతమ్మగారింట భోజనము దొరకునని ఆకలిగొన్న పెండ్లిబృందము చెప్పుకొనుచుండగా విని, దర్శనము మానుకొని వెనుకకు మరలిరని ఈ సీమలో నేటికిని చెప్పుకొందురు. సంకల్పించిన యాత్రను మధ్యలో విడుచుట దోషమని పైపై నియమము. ఆకలిగొన్నవారిని గడపనుండి మరలించుట అంతకు మించిన పాపమని ఆమె హృదయమున అంతర్యామి పలికెను. ఆమె చేరకపోయిన అంతర్వేదిస్వామి ఆమె పంక్తిలోనే కూర్చుండి భుజించెననుటలో సందేహమేమి? వైనతేయపై నీటిని దాటించు గన్నవరపు అక్విడక్టునకు నేడు ఆమె పేరే పెట్టియున్నారు.

కాబట్టి పాపమునకు మూలము భగవంతుని అప్రీతి. దానిని గుర్తించుభారము, గుర్తించుటలో పొరపడు అవకాశము మానవునివి. ఈ భేదమును మరువనివాడు ఇతరులను పాపులనుటకు తొందరపడడు, తన పాపమును కప్పిపుచ్చుకొనుటకు సాహసింపడు. తెలిసియు తెలియకయు చేసినదానికి గీతాచార్యుని చరమశ్లోకమే శరణ్యము. అయితే శరణాగతి రేపటి పాపమునకు అనుమతిపత్రము కాదని మన పూర్వాచార్యులు హెచ్చరించిరి. గోదావరిలో మునుగునప్పుడు, నావలన నొచ్చినవారెవరని ఒక్కమారు తలచుకొని, ఇల్లు చేరినపిదప వారి నొప్పిని తీర్చిన యాత్రికునకు స్నానఫలము సంపూర్ణముగ దక్కును. అట్టి బుద్ధిని శ్రీ లక్ష్మీనృసింహస్వామి మనకెల్లరకు ప్రసాదించుగాక!