చూచిన చలనచిత్రమునుగూర్చి తీర్పు చెప్పుట యెట్లు?

సోమవారమున ప్రార్థనగంట మ్రోగుటకు ముందు పాఠశాలల చెట్లనీడల నొక విధమగు న్యాయస్థానము కూడుచుండును. అందు వాదులు లేరు, సాక్షులు లేరు. న్యాయాధిపతులు మాత్రము పెక్కండ్రు. సెలవునాడు చూచిన చిత్రమునుగూర్చి యొకడు 'ఐదింటికి నాలుగు' అనును. మఱియొకడు 'ఒకటిన్నర చాలును' అనును. మూడవవాడు చిత్రమును చూడకయే 'పోయినదట' అనును. తీర్పులు వెలువడును గాని కారణములు వెలువడవు.

ఇది యల్పవిషయమని కొందఱు పెద్దలు తలంతురు. మేమట్లు తలంపము. విద్యార్థి యొక పద్యముయొక్క గుణదోషములను విచారించి వ్రాయుట సంవత్సరమున కొకటిరెండు పర్యాయములే. చలనచిత్రమునుగూర్చి మాత్రము వారమువారమును మాటలాడును. కావున విచక్షణ యలవడుటకైనను, చెడుటకైనను ఇదియే యాతనికి నిత్యాభ్యాసము. ఈ యభ్యాసమును చక్కగా నెఱపు విధమును సంగ్రహముగ వివరింపదలచితిమి.

1. మన సీమయు చలనచిత్రమును

కృష్ణాతీరవాసులకు చలనచిత్రము పరాయివస్తువు కాదు. తెలుగు చలనచిత్రమునకు పితామహుడని పేరొందిన రఘుపతి వెంకయ్యనాయుడుగారు మచిలీపట్టణమున జన్మించినవారు. వారి కుమారుడు ప్రకాశ్‌గారి దర్శకత్వమున 1921లో వెలువడిన 'భీష్మప్రతిజ్ఞ' తెలుగువారి తొలి మూకీచిత్రము. ఆ సంవత్సరముననే బెజవాడయందు పోతిన శ్రీనివాసరావుగారు మారుతీ సినిమా యను ప్రదర్శనశాలను నెలకొల్పిరి. 1932లో హెచ్. ఎం. రెడ్డిగారి 'భక్తప్రహ్లాద'తో తెర తెలుగు పలుకనేర్చెను. నిమ్మకూరున 1923లో పుట్టిన నందమూరి తారక రామారావుగారును, గుడివాడ దాపున రామాపురమున 1924లో పుట్టిన అక్కినేని నాగేశ్వరరావుగారును ఈ కాలువగట్ల పల్లెలనుండి వెడలినవారే. నేడు విజయవాడ యున్న జిల్లాకు 2022లో రామారావుగారి పేరే పెట్టబడినది. ఆ నగరమందలి గాంధీనగరము చిత్రములను పంపిణీచేయు కార్యాలయములకు పేరొందినది.

ఇట్టి సీమలో చిత్రములనుగూర్చిన మాటలు పొలముగట్లపైని, రచ్చబండలపైని పుట్టుట సహజమే. పూర్వము పట్టణమున ఆట చూచివచ్చినవాడు పల్లెలో కథ చెప్పెడివాడు. డేరాహాలులో నేలటిక్కెట్టు కొన్నవాడును, కుర్చీటిక్కెట్టు కొన్నవాడును ఒకే చిత్రమునకు రెండు తీర్పులు చెప్పెడివారు. ఆ మాట యూరు దాటుటకు దినములు పట్టెడిది. నేడది చేతిఫోనుద్వారా క్షణములో నూరుమందికి చేరుచున్నది. మాటకు వేగము హెచ్చినపుడు మాటాడువానికి బాధ్యతయు హెచ్చవలయును గదా.

2. ఒక ప్రశ్నలో మూడు ప్రశ్నలు

'చిత్రమెట్లున్నది?' అని మిత్రుడడుగును. ఈ చిన్నప్రశ్నలో మూడు ప్రశ్నలిమిడియున్నవి. అది నాకు నచ్చినదా? అది మంచిచిత్రమా? అది బాగుగ ఆడుచున్నదా? మొదటిది రుచినిగూర్చినది, రెండవది గుణమునుగూర్చినది, మూడవది విజయమునుగూర్చినది. మన వాదములలో సగము ఈ మూటిని కలగాపులగము చేయుటచేతనే పుట్టుచున్నవి.

విజయము వేఱు, గుణము వేఱు అనుటకు 'శంకరాభరణము' తగిన నిదర్శనము. కె. విశ్వనాథ్‌గారి యీ చిత్రము 1980 ఫిబ్రవరిలో విడుదలయ్యెను. ఇందు జనులు విరుగబడి చూచు కథానాయకుడు లేడు. ప్రధానపాత్ర ధరించిన జె. వి. సోమయాజులుగారు ప్రభుత్వోద్యోగియు, నాటకానుభవము గలవారును. కథ శాస్త్రీయ సంగీతముపై నడచునది. తొలిదినములలో ప్రదర్శనశాలలు నిండలేదు. పిమ్మట చూచినవారు చూడనివారికి చెప్పిరి, జనము క్రమక్రమముగ పెరిగి, చిత్రము దీర్ఘకాలము ఆడెను, జాతీయపురస్కారమును పొందెను. మొదటి వారమున 'పోయినది' అని తీర్పు చెప్పినవాడు ఖాళీ కుర్చీలను లెక్కించెనే గాని చిత్రమును చూడలేదు. తొలివారమందలి చిత్రమును తరువాతివారములందలి చిత్రమును ఒక్కటే. మాఱినది జనసంఖ్య మాత్రమే.

అట్లని ఆడని చిత్రములన్నియు ఉత్తమములనియు, ఆడినవన్నియు అధమములనియు భ్రమపడరాదు. 1957లో వెలువడిన కె. వి. రెడ్డిగారి 'మాయాబజారు' రెండు విధముల నెగ్గినది. భారతీయ చలనచిత్రమునకు నూఱేండ్లు నిండిన 2013లో ఒక వార్తాసంస్థ జరిపిన యోటింగునందును అది ప్రథమస్థానము పొందెను. అట్టి యోటింగుకూడ ఓటు వేసినవారి రుచినే తెలుపునుగాని సర్వజనుల నిర్ణయమును తెలుపదని గ్రహింపవలెను.

3. అంకెల తీర్పు

చిత్రమునకు అంకెలు వేయు నాచారము క్రొత్తది కాదు. 1928లో అమెరికాదేశపు న్యూయార్కు నగరమందలి 'డైలీ న్యూస్' పత్రికలో ఐరీన్ థైరర్ అను విమర్శకురాలు చిత్రములకు నక్షత్రములు వేయనారంభించెను. నాడు గరిష్ఠము మూడు నక్షత్రములు. నేడు కొందఱు ఐదింటికి, కొందఱు పదింటికి లెక్కింతురు. 'ఏడు' అని వినినపుడు 'ఎన్నింటికి?' అని యడుగుట మఱువరాదు.

ఈ యంకెలను ప్రభుత్వపు ధ్రువీకరణముతో కలుపరాదు. 1952 నాటి చట్టముననుసరించి చిత్రమునకీయబడు 'యు', 'ఎ' అను గుర్తులు అది యే వయసువారికి తగినదో తెలుపునుగాని మంచిచెడ్డలను తెలుపవు. 1983లో 'యు/ఎ' అను నడిమి తరగతి చేర్చబడెను. 2023 సవరణచే అది 7, 13, 16 ఏండ్ల వయఃపరిమితులనుబట్టి మూడుగా విభజింపబడెను. 'ఎ' గుర్తుగల చిత్రము గొప్పదియు కావచ్చును, 'యు' గుర్తుగలది నిస్సారమును కావచ్చును. బాలురకు మొదట కావలసినది వయసు గుర్తు; నక్షత్రములు పిదప.

ఇక గణితమున కొంచెము ప్రవేశింతము. నలువదిమందిగల తరగతిలో ఇరువదిమంది యొక చిత్రమునకు 5 చొప్పునను, ఇరువదిమంది 1 చొప్పునను వేసిరనుకొందము. మొత్తము 120, సగటు 3. మఱియొక చిత్రమునకు నలువదిమందియు 3 చొప్పున వేసిరి. మొత్తము 120, సగటు 3. మొదటిది తరగతిని రెండుగా చీల్చినది; రెండవది ఎవరిని సంతోషపెట్టలేదు, ఎవరిని నొప్పింపలేదు. సగటు ఈ భేదమును పూర్తిగా మ్రింగివేసినది.

మఱియొక లెక్క. మొదటినాడు చిత్రము చూచిన పదిమంది నాయకుని యభిమానులు. వారు 5 చొప్పున వేసిరి. ఆనాడు సగటు 5. తరువాత చూచిన ముప్పదిమంది 2 చొప్పున వేసిరి. మొత్తము 50+60=110; సగటు 2.75. చిత్రము క్షీణింపలేదు, చూచువారు మాఱిరి. కనుక అంకెను విన్నప్పుడు 'ఎవరు వేసిరి? ఎందఱు వేసిరి? ఎన్నడు వేసిరి?' అని మూడు ప్రశ్నలు వేయుడు.

ఉపాధ్యాయుడు మీ వ్యాసమునకు పదింటికి ఆఱు వేసి, ఎఱ్ఱసిరాతో ఒక్క మాటయు వ్రాయకున్నచో మీరేమి నేర్తురు? కారణములేని అంకెకు అంతే ప్రయోజనము.

4. కారణము చెప్పు విధము

'సావిత్రి బాగుగ నటించినది' అనుట యభిప్రాయము. 'మాయాబజారునందు ఘటోత్కచుడు మాయచే శశిరేఖ రూపము దాల్చి పెండ్లివారి యింట మెలగును. ఆ ఘట్టములలో సావిత్రి యొకక్షణము సుకుమారియగు కన్యగను, మఱుక్షణము మీసములేని మహాకాయునిగను నిలుచును. వేషము మాఱదు, నడకయు చూపును మాత్రమే మాఱును' అనుట విమర్శనము. మొదటి వాక్యమును చిత్రము చూడనివాడును చెప్పగలడు. రెండవదానిని చూచినవాడే చెప్పవలెను. విన్నవాడు మరల చిత్రము చూచి, అది నిజమో కాదో పరీక్షించుకొనవచ్చును. పరీక్షకు నిలుచుటయే మంచికారణమునకు లక్షణము.

అట్లే 'కథ బాగున్నది' యనుటకంటె, పాండవుల పక్షమున నడచు నీ కథలో పాండవులు తెరపై కనబడనే కనబడరని గమనించి, ఆ లోపమును ప్రేక్షకుడేల గుర్తింపడో విచారించుట మేలు. 'ఫొటోగ్రఫీ బాగున్నది' యనుటకంటె, మార్కస్ బార్ట్లేగారు పడవఘట్టమున వెన్నెలను నలుపుతెలుపులలో నెట్లు చూపిరో చెప్పుట మేలు. కథ, సంభాషణ, నటన, ఛాయాగ్రహణము, సంగీతము, కూర్పు అను నాఱింటిలో ప్రతిదానికి చూచినదొకటి చూపగలిగిన విద్యార్థి అంకె వేయకున్నను తీర్పు చెప్పినట్లే.

5. తీర్పరిని పట్టియిచ్చు తీర్పు

మన తీర్పు చిత్రమును కొలుచుటతోపాటు మనలను గూడ కొలుచును. కృష్ణాజిల్లా నందమూరునకు చెందిన గూడవల్లి రామబ్రహ్మముగారు 1938లో 'మాలపిల్ల'ను తీసిరి. హరిజనవాడ బాలికకును బ్రాహ్మణయువకునకును గల ప్రేమ యందలి కథ. అస్పృశ్యతాఖండన మందలి యుద్దేశము. కాంచనమాల యందు నాయిక. నాడు దానిని మెచ్చినవారును, దానిపై మండిపడినవారును కలరు. మఱుసటియేట వారు తీసిన 'రైతుబిడ్డ' జమీందారీ పీడనమును చూపి నిషేధమునకు గుఱియయ్యెను. ఆ కోపములు ఛాయాగ్రహణమునందలి లోపములచే పుట్టినవి కావు. తెరపై తమ యన్యాయమును తాము చూచుకొనలేకపోవుటచే పుట్టినవి.

మనలోను ఇట్టి కోపములు లేకపోలేదు. నాయకుని కులమునుబట్టియు, వంశమునుబట్టియు చిత్రమును పొగడువారును తెగడువారును నేడును కలరు. ఒకే బల్లపై కూర్చుండి ఒకే గిన్నెలోని పచ్చడిని పంచుకొనిన బాలురు ఒక నటుని పేరిట నెలల తరబడి మాటలాడకుండుట మేమెఱుగుదుము. ఆ నటుడు వారి పేర్లయిన నెఱుగడు! అభిమానము తప్పు కాదు. అభిమానమునకు విమర్శనమని పేరు పెట్టుట తప్పు.

క్రైస్తవులమగు మనకును ఇట్టి పరీక్ష యొకటి గలదు. 1978లో వెలువడిన 'కరుణామయుడు' చిత్రమునందు విజయచందర్‌గారు ప్రభువు పాత్ర ధరించిరి, ఎ. భీమ్‌సింగ్‌గారు దర్శకులు. గ్రామములలో దానిని చూచి కన్నీరు కార్చినవారు లెక్కకు మించియున్నారు. ఆ కన్నీరు నిజమైనది. అయినను 'ఈ భక్తి చిత్రము కలిగించినదా, మనము వెంట తెచ్చుకొంటిమా?' అని యొకసారి ప్రశ్నించుకొనుట యపచారము కాదు. ఇతరమతముల పురాణచిత్రములకు మన మే కొలత పెట్టుదుమో, మన చిత్రమునకును ఆ కొలతయే పెట్టవలెను. రెండు తూనికరాళ్లు సంచిలో నుంచుకొనువాడు న్యాయమైన వర్తకుడు కాడు.

6. సాక్షి ధర్మము

దశాజ్ఞలలో తొమ్మిదవది అబద్ధసాక్ష్యమును నిషేధించునది. చూడని చిత్రమునుగూర్చి చూచినట్లు చెప్పుట చిన్నదైనను అబద్ధసాక్ష్యమే. చిత్రముననుసరించి దీపములు మోయువారు, దుస్తులు కుట్టువారు, హాలులో టిక్కెట్టు చింపువారు మొదలగు ననేకులు బ్రతుకుచున్నారు. పేరులేని చిన్నచిత్రమునకు మొదటి మూడు దినములే ప్రాణము. వినికిడితో విసరిన యొక్క మాట దానిని చంపగలదు. చెడ్డచిత్రమును మొగమోటముచే పొగడుటయు నట్టిదే. కూలిడబ్బుతో టిక్కెట్టు కొనువాని కది నష్టము.

1950 దశకమున 'ఆంధ్రపత్రిక' వారపత్రికలో ముళ్లపూడి వెంకటరమణగారు చిత్రసమీక్షలు వ్రాసిరి; తరువాత తామే చిత్రములకు రచన చేసిరి. విమర్శించినవాడు విమర్శకు నిలువవలసివచ్చును. 1983 నాటి 'సాగరసంగమము'నందు కథానాయకుడు నాట్యవిమర్శకుడు. అతడొక నర్తకి దోషమును పత్రికలో నిర్భయముగ వ్రాయును. సవాలు ఎదురైనపుడు తాను నర్తించి చూపగలడు. మనమందఱమును చిత్రములు తీయలేము. అయినను తప్పు నెచ్చటనున్నదో వేలుపెట్టి చూపగలుగవలెను.

కావున విద్యార్థులారా, ఈ నియమములను పాటింపుడు. చూడనిదానిని 'చూడలేదు' అని చెప్పుడు. 'నచ్చినది' యనుటకును 'మంచిది' యనుటకును భేదము పాటింపుడు. అంకెకు ముందు కారణమును చెప్పుడు. నచ్చిన చిత్రమున నొక లోపమును, నచ్చనిదానిలో నొక గుణమును వెదకుడు. చూడబోవువానికి కథాంతమును చెప్పి వాని యానందమును దొంగిలింపకుడు. మిత్రుడు కారణము చూపినపుడు మీ తీర్పును మార్చుకొనుటకు సిగ్గుపడకుడు.

అభ్యాసములు

1. ఇటీవల చూచిన యొక చిత్రమునుగూర్చి 'బాగున్నది', 'బాగులేదు', 'సూపరు', 'బోరు' అను మాటలు వాడక పది వాక్యములు వ్రాయుడు.

2. మీ యింటి పెద్దలలో నొకరిని వారి బాల్యమున చూచిన చిత్రమునుగూర్చి యడిగి, వారు చెప్పిన దానిలో రుచి యెంత, గుణమెంత, విజయమెంత వేఱుచేసి చూపుడు.

3. తరగతిలోని వారందఱిచేతను ఒకే చిత్రమునకు ఐదింటికి గుణములు వేయించుడు. సగటును కట్టి, ప్రతి యంకెను ఎందఱు వేసిరో పట్టిక వ్రాయుడు. సగటు చెప్పనిదానిని పట్టిక యేమి చెప్పినదో రెండు వాక్యములలో తెలుపుడు.