గడ్డి ధర: బండి లెక్కయా, బరువు లెక్కయా?

మన ప్రాంతమున ఎండుగడ్డికి ఒక ధర యనునది లేదు. ధాన్యమునకు, పత్తికి, మిరపకు నిత్యము పత్రికలలో ధరలు ప్రకటింపబడుచుండును. గడ్డి ధర మాత్రము పొలములో ఒకటి, రోడ్డు ప్రక్కన ఒకటి, వేసవి సంతలో మరియొకటి. మార్గశిర మాసమున కృష్ణా డెల్టాలో వరికోతలు ముగిసిన పిదప, కోతయంత్రము విడిచిన గడ్డిని ఎత్తించుటకు కూలి దండుగయని కొందరు రైతులు చేలలోనే తగులబెట్టుచున్నారు. అదే గడ్డి కొరకు వైశాఖమున అనంతపురము మెట్టరైతు అప్పు చేసి లారీ కిరాయి కట్టుచున్నాడు. ఈ రెంటి నడుమ నున్నది నాలుగువందల కిలోమీటర్లకు పైబడిన దూరము, అయిదు నెలల కాలము. మెట్టప్రాంతపు పశుపోషకుడు గడ్డికై చెల్లించుదానిలో అధికభాగము ఈ దూరమునకు, ఈ కాలమునకు చెల్లించు మూల్యమేగాని గడ్డికి కాదు.

అనంతపురము ప్రాంతమున సంవత్సరమునకు సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. పూర్వము అచ్చట జొన్న, సజ్జ, కొఱ్ఱ విస్తారముగా పండెడివి. గింజ ఇంటికిని, చొప్ప దొడ్డికిని చేరెడిది. మేత కొనవలసిన పని అరుదు. తరువాత జొన్న చేలు క్రమముగా వేరుశనగ చేలైనవి. వేరుశనగ కట్టె పశువులకు మంచి మేతయే. వరిగడ్డికన్న ఎంతయో మేలు. కాని వాన తప్పిన యేట కాయతోపాటు కట్టెయును తప్పును. జొన్న అటుల కాదు. గింజ పట్టకపోయినను కొంత చొప్పయైనను మిగులును. (బెట్టకు వాడిన లేతజొన్నను, కోసిన తరువాత మరల చిగిర్చిన పిలకలను పశువులకు మేపరాదు, వాటియందు విషముండును. ఇది రైతులకు తెలిసినదే యైనను ప్రతి కరువునందును కొన్ని పశువులు ఇందువలననే చచ్చుచున్నవి.)

మాగాణి ప్రాంతములందును మార్పు వచ్చినది. 1966లో ఐ.ఆర్. 8 మొదలుగాగల పొట్టి వంగడములు వచ్చిన తరువాత గింజ పెరిగినది, దానితో పోల్చినచో గడ్డి తగ్గినది. పొడుగు రకముల గడ్డితో ఇండ్లు కప్పుకొని, మిగిలినది వామి వేసిన తరము ఇపుడు కనరాదు. పిమ్మట కోతయంత్రములు వచ్చినవి. పన కట్టి, కుప్ప వేసి, నూర్చిన గడ్డి రైతు చేతిలో నుండెడిది. యంత్రము విడిచిన గడ్డి చేనియందు చెల్లాచెదరై మంచుకు తడియును. దానిని చుట్టలుగా చుట్టు యంత్రములు వచ్చిన తరువాత ఈ నష్టము కొంత తగ్గినది. తగులబెట్టుట మాత్రము అన్నిచోట్లను ఆగలేదు.

గడ్డి ప్రియమైనపుడు ఏమి జరుగునో రాయలసీమ వృద్ధులను అడిగిన చెప్పగలరు. 1876-78 నాటి ధాత కరువులో మనుష్యులతోపాటు పశువులును అసంఖ్యాకముగా నశించినవి. ఇటీవలి కాలమున, 2002వ సంవత్సరము జూలై నెలలో, దేశమంతట కురియవలసిన వానలో సగము మాత్రమే కురిసినది. ఇట్టి సమయములందు గడ్డి ధర పెరుగుట ఒక్కటియే కష్టము కాదు. గడ్డి ప్రియమైననాడు పశువు చవుకయగును. అందరును ఒకేమారు సంతకు తోలుదురు గనుక కొనువాడు చెప్పినదే ధర. వానలు కురిసి పచ్చిక మొలచిన పిమ్మట అదే రైతు మరల పశువును కొనబోయిన అమ్మిన ధరకు దొరకదు. రెండు మాసముల మేత చేతలేక ఈనిన ఆవును అమ్ముకొన్న కుటుంబము పాలను, దూడను, ఎరువును కూడ పోగొట్టుకొనుచున్నది. కావున గడ్డి బేరము చిన్న బేరము కాదు.

ఒక లెక్క వేసి చూతము. ఈ అంకెలు లెక్క తెలియుటకు మాత్రమే. పాఠకులు తమ ఊరి ధరలను ఇందు వేసికొనవలెను. మాగాణిలో కిలో గడ్డి 2 రూపాయలనుకొందము. లారీలో 4,000 కిలోల విడిగడ్డి పట్టినది. కిరాయి 12,000 రూపాయలు. అనగా కిలోకు 3 రూపాయలు. ఎత్తుకూలి, దింపుడుకూలి, తాళ్లు, మధ్యవర్తి రుసుము అన్నియు కలిపి కిలోకు 1 రూపాయి. దొడ్డికి చేరుసరికి కిలో 6 రూపాయలైనది. ఇందు గడ్డి పండించినవానికి ముట్టినది మూడవవంతు మాత్రమే. పశువులు త్రొక్కి పేడలో కలిపిన గడ్డి పదవవంతుండునేని, కడుపులోనికి పోయిన కిలో గడ్డి ధర 6 రూపాయల 67 పైసలు. ధర ఎక్కువయని గడ్డి రైతును నిందించుట వలన ప్రయోజనము లేదు. తగ్గింపవలసినది కిరాయిని, వ్యర్థమును.

విడిగడ్డితో లారీ నిండును గాని బరువు నిండదు. చుట్టలు కట్టిన గడ్డి అదే లారీలో 6,000 కిలోలు పట్టినచో కిరాయి కిలోకు 3 రూపాయలనుండి 2 రూపాయలకు దిగును. చుట్టుటకగు ఖర్చు ఆ మిగిలిన రూపాయికి లోపుగా నుండెనేని బేరము లాభకరము. అనంతపురము రైతు డెల్టా వరకు పోవలసిన పనియు ఎల్లపుడు లేదు. కర్నూలు-కడప కాలువ క్రిందను, తుంగభద్ర కాలువల క్రిందను వరి పండుచున్నది. దూరము సగమైనచో, అచ్చట గడ్డి ధర కొంత హెచ్చుగా నున్నను, దొడ్డికి చేరిన ధర తక్కువ కావచ్చును. చేరిన ధరలనే పోల్చవలెను.

బండి లెక్కను, ట్రాక్టరు లెక్కను, చుట్టల లెక్కను గడ్డి కొనుట మన అలవాటు. చుట్టలన్నియు ఒక బరువుండవు. బండి ఎత్తు కంటికి కనబడును గాని అందలి గడ్డి బిగువు కనబడదు. లారీని కాటా వేయించి తీసికొనుట మంచిది. కాటాకును ఒక జాగ్రత్త అవసరము. బాగుగా ఎండిన 100 కిలోల గడ్డిలో ఎండుపదార్థము 90 కిలోలుండును. మంచుకు తడిసిన గడ్డిలో అది 75 కిలోలే యుండవచ్చును. రెంటికి 600 రూపాయలు చెల్లించినచో, మొదటిదానియందు కిలో ఎండుపదార్థము 6 రూపాయల 67 పైసలకును, రెండవదానియందు 8 రూపాయలకును పడినది. తడి గడ్డి వామిలో బూజు పట్టుట వేరే నష్టము. చేతితో మెలిపెట్టినపుడు గలగలలాడక మెత్తగా నలుగు గడ్డిని, ముక్క వాసన వేయు గడ్డిని విడిచిపెట్టుడు.

కడుపు నింపుట వేరు, బలమిచ్చుట వేరు. వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి 3, 4 పాళ్లకు మించవు. వేరుశనగ కట్టెలో సుమారు 8 పాళ్లనుకొని చూతము. వరిగడ్డి 100 కిలోలు 600 రూపాయలకు కొన్నచో అందలి మాంసకృత్తులు మూడున్నర కిలోలు. కిలోకు 170 రూపాయల పైచిలుకు. వేరుశనగ కట్టె 100 కిలోలకు 900 రూపాయలిచ్చినను అందు 8 కిలోల మాంసకృత్తులుండును గనుక కిలోకు సుమారు 112 రూపాయలే. పైకి ప్రియముగా కనబడినది చవుకయైనది! పాలిచ్చు పశువునకు వరిగడ్డి యొక్కటే వేసి, పాలు తగ్గినవని చింతించువారు ఈ లెక్కను గృహమందలి స్త్రీలతో కలసి ఒకమారు వేసికొనవలెను; దొడ్డి ఖర్చులు వారికే ఎక్కువ తెలియును.

వరిగడ్డి తప్ప మరియొకటి దొరకనిచోట దానినే బాగు చేసికొనవచ్చును. 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరగించి, గడ్డిని పొరలుగా పరచి ప్రతి పొరపై సమముగా చల్లి, గట్టిగా త్రొక్కి, గాలి చొరకుండ టార్పాలినుతో కప్పి 21 దినములుంచవలెను. అందువలన మాంసకృత్తులు దాదాపు రెట్టింపగును, గడ్డి మెత్తబడి సులభముగా జీర్ణమగును. తీసిన గడ్డిని కొంతసేపు గాలికి ఆరబెట్టి, ఘాటు పోయిన పిమ్మట మొదట కొద్దికొద్దిగా అలవాటు చేయవలెను. ఆరు మాసములు నిండని దూడలకు దీనిని పెట్టరాదు. యూరియా కలిపిన నీటిని పశువు త్రాగెనేని ప్రాణాపాయము. ఆ పని ముగియువరకు పశువులను దూరముగా కట్టివేయుడు.

ఎంత గడ్డి కొనవలెనో తెలియకయే చాలమంది కొనుచున్నారు. 300 కిలోల బరువుగల ఆవునకు దినమునకు సుమారు 7 1/2 కిలోల ఎండుపదార్థము కావలెను. అందు రెండు పాళ్లు, అనగా 5 కిలోలు, గడ్డి రూపమున పెట్టి, మూడవ పాలు తవుడు, చెక్క మొదలగువాని రూపమున పెట్టినచో, దినమునకు అయిదున్నర కిలోల గడ్డి చాలును. ఫాల్గుణము మొదలు జ్యేష్ఠము వరకు 120 దినములకు 660 కిలోలు. రెండు పశువులకు 1,320 కిలోలు. వ్యర్థమును కలుపుకొని 1,500 కిలోలు సిద్ధపరచుకొనవలెను. గడ్డిని ముక్కలుగా కత్తిరించి తొట్టిలో వేయువారికి ఇంతకన్న తక్కువ చాలును.

ఒక్క రైతు ఒక లారీ గడ్డిని కొనలేడు. అట్టివారు నలుగురు కలసినచో ఒక లారీకి 6,000 కిలోలగును. సార్వా గడ్డి పొలములలో నుండగానే, అనగా సంక్రాంతికి ముందే, ఒకరు మాగాణికి పోయి గడ్డిని చూచి బేరము కుదుర్చుకొని రావలెను. తెచ్చిన గడ్డిని ఎత్తైన తావున, అడుగున రాళ్లను, కంపను పరచి, నడుమ ఉబ్బుగా వామి వేసి, వేసవిలో వచ్చు అకాలవర్షములకు తడియకుండ పైని కప్పు వేయవలెను. వామికి ఒక ప్రక్కనుండియే గడ్డి దూయుట ఆరంభింపుడు. నలుప్రక్కల దూసిన వామి మొదటి వానకే లోపలివరకు నానిపోవును.