పెరటి చెట్లకు ఎండ కాపు, గాలి కాపు
ఖర్చు లేని సేంద్రియ పద్ధతులు

విశాఖ చుట్టుపక్కల పొలం ఎకరాల్లోంచి సెంట్లలోకి వచ్చేసింది. ఉక్కు ఫ్యాక్టరీకి భూములిచ్చిన కుటుంబాలు వడ్లపూడి, అగనంపూడి, దువ్వాడ, పెదగంట్యాడ వైపు కాలనీల్లో ఇళ్ళు కట్టుకున్నాయి. ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు ఎకరం, అరెకరం ఉన్న రైతుకు కూడా ఇంటి దొడ్డి ఒక ఆధారమే. దొడ్లో రెండు కొబ్బరి చెట్లు, ఒక మామిడి, వాకిట్లో వేప, గట్టు మీద నాలుగు జీడిమామిడి ఉంటే పండగ ఖర్చుకో, పిల్లల పుస్తకాలకో ఎంతోకొంత అందుతుంది. అయినా చేనుకు చూపే శ్రద్ధలో పదో వంతు వీటికి చూపం. దాని మానాన అదే కాస్తుందిలే అనుకుంటాం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గరే తీరం దాటింది. గాలి గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వీచింది. నాలుగేళ్ళకు, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చి శ్రీకాకుళం ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టింది. చిత్త, స్వాతి కార్తెలు మనకు తుపాను రోజులని తెలిసిందే. ఒక కొబ్బరి చెట్టు పడిపోతే మళ్ళీ నాటి కాపు చూడటానికి దేశవాళీ రకానికి ఆరేడేళ్ళు పడుతుంది. చిన్న రైతుకి ఆ ఆరేడేళ్ళే నష్టం.

అంత గాలికి ఏ చెట్టు నిలుస్తుందో ముందే చెప్పడం ఎవరి తరమూ కాదు. కానీ వేరు పైపైనే ఉన్న చెట్టు ముందు పడుతుంది. వేరు పైనే ఎందుకుంటుంది? మొదలు దగ్గర రోజూ ఒక బకెట్టు నీళ్ళు పోయడం వల్ల. తడి ఎక్కడుంటే వేరు అక్కడే తిరుగుతుంది. మే నెలలో అలాంటి చెట్టు ఒక్క వారం నీళ్ళు తప్పితే వాడిపోతుంది, అక్టోబరులో గాలికి ఒరిగిపోతుంది. అందుకే ఎండకు చేసే సేవ గాలికి కూడా పనికొస్తుంది.

నీళ్ళు ఎక్కడ, ఎంత

కాపుకొచ్చిన కొబ్బరి చెట్టుకు ఎండాకాలంలో రోజుకు సుమారు 40 లీటర్ల నీరు కావాలి. అది రోజూ పోసేకంటే నాలుగైదు రోజులకోసారి 200 లీటర్లు పాదు నిండా ఒక్కసారే పెట్టండి. పాదు మొదలు నుంచి చుట్టూ ఐదారు అడుగుల దాకా ఉండాలి. మొదలుకి ఆనించి నీళ్ళు నిలవనివ్వకండి. భీమిలి తీరంలాంటి ఇసక నేలల్లో నీరు తొందరగా దిగిపోతుంది కాబట్టి అదే నీటిని రెండు, మూడు రోజులకోసారి సగం సగం ఇచ్చుకోవాలి. బియ్యం, కూరలు కడిగిన నీళ్ళు పాదుకు మళ్ళించవచ్చు. బట్టల సోడా నీళ్ళు రోజూ పోస్తే మాత్రం నేల బిగిసిపోతుంది.

మామిడి లెక్క వేరు. కాయ బఠాణీ గింజంత అయినప్పటి నుంచి వారం, పది రోజులకోసారి తడి ఇవ్వండి. కోతకు రెండు, మూడు వారాల ముందు ఆపేయండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాపు చెట్టుకు నీరు పెట్టకూడదు. పెడితే పూతకు బదులు చిగురు వస్తుంది. సువర్ణరేఖయినా బంగినపల్లయినా ఇంతే.

ఎండుటాకులు ఊడ్చి తగలబెట్టే అలవాటు మానుకోండి. అదే ఆకును పాదులో నాలుగైదు అంగుళాల మందాన పరిస్తే తడి నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది. కొబ్బరికి డొక్కలే మేలైన కప్పు. పాదులో గుండ్రంగా కాలవ తీసి, డొక్కల లోపలి వైపు పైకి ఉండేట్టు పేర్చి మట్టి కప్పండి. అవి తమ బరువుకు ఎన్నో రెట్లు నీరు పీల్చుకుని ఐదారేళ్ళు పనిచేస్తాయి. ఏ కప్పయినా మొదలుకి జానెడు దూరంలో ఆపాలి, లేకపోతే మన ఎర్రనేలల్లో చెద పట్టి బెరడు ఎక్కుతుంది.

ఇంకో మాట. వాకిలంతా సిమెంటు చేయిస్తూ చెట్టు మొదలు చుట్టూ కూడా బిగించేస్తున్నారు. ప్రహరీ కోసం ఒక పక్క వేళ్ళన్నీ నరికేస్తున్నారు. అలాంటి చెట్టు గాలికి ఆ పక్కే పట్టు తప్పుతుంది. మూడడుగులైనా మట్టి వదలండి.

వాకిట్లో గరిక పెంచుకునేవారు, పట్నంలో బంగళాల లాన్ పనికి వెళ్ళేవారు దాన్ని బొత్తిగా నేలకు కోయకండి. రెండంగుళాలు ఉంచితే వేసవిలో నేల మాడదు. యూరియా బదులు జల్లించిన చివికిన గత్తం పల్చగా చల్లితే సరిపోతుంది. చిన్న మొక్క చుట్టూ మూడడుగుల మేర గడ్డి ఉండనివ్వకండి, నీరంతా అదే తాగేస్తుంది.

గత్తం ఎంత, ఎలాంటిది

కాపు కొబ్బరికి ఏడాదికి 25 నుంచి 50 కిలోల పశువుల గత్తం, రెండు కిలోల వేపపిండి తొలకరికి వేసుకోవాలి. గత్తం బాగా చివికి ఉండాలి. పచ్చి పేడ వేస్తే వేరుకి వేడి, పురుగుకి ఇల్లు. ఆవు ఉన్నవారు జీవామృతం చేసుకోవచ్చు. 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గట్టు మీది గుప్పెడు మట్టి 200 లీటర్ల నీటిలో కలిపి నీడన 48 గంటలు ఉంచండి. పొద్దున, సాయంత్రం కర్రతో తిప్పండి. వారంలోగా తడి ఉన్న పాదులో పోసేయాలి, ఎండిన నేల మీద పోస్తే వృథా.

కొమ్ముపురుగు పుట్టేది మన దొడ్లోనే

కొబ్బరి ఆకు విచ్చుకున్నాక కత్తెరతో కోసినట్టు, విసనకర్ర ఆకారంలో ముక్కలు పోయి కనబడితే అది కొమ్ముపురుగు పనే. ఈ పురుగు పెరిగేది చెట్టు మీద కాదు. గుడ్లు పెట్టేది గత్తం కుప్పలో, కుళ్ళిన కొబ్బరి మొద్దుల్లో. తెల్లని బొద్దు పురుగులు అక్కడే పెరిగి, రెక్కలొచ్చాక చెట్టు మొవ్వుకు చేరతాయి. అందుకే తుపానుకు పడిన మొద్దుల్ని దొడ్లో ఓ మూల వదిలేస్తే నిలబడ్డ చెట్లకి కూడా ముప్పే. మొద్దులు ముక్కలు చేసి పొయ్యికి వాడేసుకోండి. గత్తం కుప్ప రెండు నెలలకోసారి తిరగేస్తే కోళ్ళే ఆ పురుగుల్ని ఏరుకు తింటాయి. ఉద్యాన శాఖ వారి దగ్గర దొరికే మెటారైజియం అనే పచ్చ బూజు మందును కుప్పలో కలిపితే పురుగులు రోగం వచ్చి చస్తాయి.

చెట్టు మీద ఉన్నవాటికి ఇనుప కొక్కెం వాడండి. మొవ్వు దగ్గర నమిలిన పీచు కనబడిన రంధ్రంలోకి దూర్చి పురుగును లాగేయాలి. తర్వాత వేపపిండి పావుకిలో, ఇసక పావుకిలో కలిపి మొవ్వు పక్కనున్న మూడు ఆకుల మొదళ్ళలో నింపండి. ఏప్రిల్-మే, సెప్టెంబరు-అక్టోబరు, డిసెంబరు-జనవరిల్లో, అంటే ఏడాదికి మూడుసార్లు చేయాలి. కిలో ఆముదం పిండి ఐదు లీటర్ల నీటిలో నానబెట్టి కుండలో పెడితే వాసనకి పురుగులు వచ్చి పడతాయి. ఎక్కడానికి మానుకు గాట్లు పెట్టడం మానాలి. ఆ గాట్లలోంచే ఎర్రముక్కు పురుగు దూరుతుంది, అది పట్టిన చెట్టు దక్కడం కష్టం.

ఆకుల అడుగున తెల్లని చుట్టలు చుట్టలుగా మైనం, పైన నల్లమసి కనబడితే సర్పిలాకార తెల్లదోమ. మన దేశంలో 2016లో బయటపడ్డ పురుగు ఇది. చూడగానే ఘాటు మందు కొట్టాలనిపిస్తుంది. కొట్టకండి. దీన్ని తినే ఎన్‌కార్సియా అనే చిన్న ఈగ ముందు చస్తుంది, దోమ మళ్ళీ లేస్తుంది. దోమ పిల్లలు నల్లబడి కనబడితే ఆ ఈగ పని మొదలెట్టినట్టే, ఆ ఆకుల్ని నరికి కాల్చకూడదు. మరీ ఉధృతంగా ఉంటే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు నురుగు కలిపి ఆకు అడుగున తడిసేట్టు పిచికారి చేయండి. గంజి పల్చగా చేసి కొడితే మసి ఎండి పొరలుగా ఊడిపోతుంది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం ఐసేరియా అనే బూజు మందును కూడా దీని మీద సిఫారసు చేస్తోంది. పోర్టు వైపు ఇళ్ళలో ఆకు మీద నల్లగా ఉన్నదంతా పురుగు మసి అనుకోకండి. వేలితో తుడిస్తే పొడిగా రాలేది బొగ్గు ధూళి, దానికి నీళ్ళు చిమ్మితే చాలు.

మామిడి కొమ్మ ఎప్పుడు కోయాలి

కాయ కోత అయిన వెంటనే, జూన్-జులైలో. లోపలికి పెరిగినవి, ఎండినవి, గోడల్ని రాసుకునేవి తీసేస్తే గాలి చెట్టులోంచి దూరిపోతుంది, తేనెమంచు పురుగు కూడా తగ్గుతుంది. కోసిన గాయానికి బోర్డో ముద్ద పూయాలి. 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీటిలో, 100 గ్రాముల సున్నం మరో అర లీటరులో వేర్వేరుగా కరిగించి, ప్లాస్టిక్ బకెట్టులో కలపండి. ఇనప పాత్ర వాడితే మందు పాడవుతుంది.

వేపచెట్టు కొమ్మలు కొసల నుంచి మాడుతుంటే కంగారుపడి కొట్టేయకండి. 2021లో తెలుగునాట చాలాచోట్ల ఇలాగే మాడాయి. ఒక శిలీంధ్రం, టీ దోమ కలిసి చేసిన తెగులది. చాలా చెట్లు మళ్ళీ చిగిర్చాయి. ఎండిన కొసలు మాత్రం తుంచి తగలబెట్టండి.

చెట్టు ఒరిగిపోతే

ఒక పక్క వేళ్ళు ఇంకా నేలలో ఉన్న చిన్న మామిడి, జీడి చెట్లను రెండు మూడు రోజుల్లోపు లేపితే బతికే అవకాశం ఉంది. ముందుగా బయటపడ్డ వేళ్ళని తడి గోనెలతో కప్పండి, ఎండ తగిలితే గంటల్లో చస్తాయి. సగం కొమ్మలు తగ్గించి, గొయ్యి వెడల్పు చేసి, మోకు మీద మెల్లగా లాగాలి. విరిగిన వేరు కొసలు నున్నగా కోసి, చివికిన గత్తం కలిపిన మట్టి వేసి గట్టిగా తొక్కండి. మూడు వైపులా పోట్లు పెట్టి, మానుకు తగిలేచోట గోనె చుట్టండి. ఆ పోట్లు ఏడాదిపాటు తీయకండి. ఆ ఏడాది పూత వచ్చినా తుంచేయాలి.