పాత ఇంజనుకు సింథటిక్ నూనె - ఒక పరిశీలన

ఎద్దుబండి ఇరుసుకు కందెన ఎట్టిదో, మోటారు వాహనానికి ఇంజనాయిలు అట్టిది. అయితే దాని బాధ్యతలు కందెన కంటె అనేకం. రాసుకొనే లోహభాగాల మధ్య పలుచని పొరగా నిలిచి అరుగుదలను అరికట్టాలి. దహనం వలన పుట్టిన వేడిని మోసుకొని పోవాలి. పిస్టను రింగులకు, సిలిండరు గోడలకు నడుమగల సందును మూయాలి. మసిని తనలో కలుపుకొని ఫిల్టరుకు చేర్చాలి. తుప్పు పట్టకుండా కాపాడాలి. ఇటువంటి నూనెను ఎన్నుకొనేటప్పుడు, పాత బండిలో ఖరీదైన సింథటిక్ నూనె పోయవచ్చునా అనే సందేహం పలువురికి కలుగుతుంది. పాత కారును కిరాయికి నడిపి కుటుంబాన్ని పోషించుకొనే వారికి ఇది జీవనోపాధికి సంబంధించిన ప్రశ్న. కనుక దీనిని శాస్త్రదృష్టితో పరిశీలించదలచాము.

రెండు నూనెల భేదం

ముడిచమురును శుద్ధి చేయగా లభించేది మినరల్ నూనె. ఇందులో చిన్నవీ పెద్దవీ అయిన అణువులు, కొంత మైనం కలగలిసి ఉంటాయి. సింథటిక్ నూనెను రసాయన ప్రక్రియలచే, అణువులు ఇంచుమించు ఒకే తీరుగా ఉండేటట్లు తయారు చేస్తారు. ఇథిలీను వాయువు నుండి నిర్మించే పాలీ ఆల్ఫా ఓలిఫినులు ఇందుకు ఉదాహరణ. మినరల్ నూనెను హైడ్రోజనుతో తీవ్రంగా సంస్కరించిన రకాలను కూడా నేడు పలు దేశాలలో ఈ పేరుతోనే అమ్ముతున్నారు.

సింథటిక్ నూనెకు మూడు గుణాలు ప్రధానం. అతి చలిలోనూ సులభంగా ప్రవహిస్తుంది. అధిక ఉష్ణంలో త్వరగా పలుచబడదు. ఆక్సీకరణ చెంది మడ్డిగా మారడం ఆలస్యమవుతుంది. మొదటి గుణం లడఖ్ వంటి చోట్ల వరమే గాని, మన దక్కనులో దాని అవసరం స్వల్పం. తక్కిన రెండూ 45 డిగ్రీల ఎండ కాసే రామగుండం వంటి ప్రాంతాలలో ఉపకరిస్తాయి.

పాత ఇంజను స్వభావం

హిందుస్థాన్ మోటార్స్ వారు 2014 వరకు తయారు చేసిన అంబాసిడరును ఉదాహరణగా గ్రహిద్దాం. చాలాకాలం దానికి అమర్చిన 1489 ఘనసెంటీమీటర్ల పెట్రోలు ఇంజను బ్రిటిషు నమూనాకు చెందినది. ఇట్టి ఇంజను దీర్ఘకాలం నడిస్తే బేరింగుల సందులు పెరుగుతాయి. ఆ సందులలో నిలవడానికి 20 డబ్ల్యు 50 వంటి చిక్కని నూనె కావాలి. 5 డబ్ల్యు 30 వంటి పలుచని నూనె పోస్తే, అది ఎంత మేలురకమైనా ఆయిల్ పీడనం తగ్గుతుంది. ఇక్కడ చివరి అంకె 100 డిగ్రీల వేడిలో నూనె స్నిగ్ధతను సూచిస్తుంది. ‘డబ్ల్యు’కు ముందున్న అంకె చలిలో దాని నడతను తెలుపుతుంది.

ఇటువంటి ఇంజనులో క్యాము నేరుగా టాపెట్టు మీద జారుతుంది. అక్కడి తీవ్రమైన ఒత్తిడి నుండి లోహాన్ని కాపాడేది నూనెలో కలిపే జింకు, భాస్వరాల సమ్మేళనం. భాస్వరం కాటలిటిక్ కన్వర్టరును పాడుచేస్తుంది కనుక, 2004లో వెలువడిన ఏ.పి.ఐ. ఎస్ఎం తరగతి పలుచని గ్రేడులలో దానిని 0.08 శాతానికి పరిమితం చేసింది. కనుక డబ్బా మీద ‘సింథటిక్’ అనే మాటకంటె ముందు గ్రేడును, తరగతిని చదవాలి.

కారుతుందన్న భయం

‘పాత బండికి సింథటిక్ పోస్తే కారుతుంది’ అన్న ఉస్తాదుల మాటకు ఆధారం లేకపోలేదు. 1970 దశకపు కొన్ని సింథటిక్ నూనెలు రబ్బరు సీళ్లను కుదించేవి. తరువాత ఎస్టర్లు మొదలైనవి కలిపి ఆ దోషాన్ని తొలగించారు. అయితే ఏనాడో బీటలు వారిన సీలును మడ్డి పూడ్చి ఉండవచ్చు. నూనెలోని శుభ్రపరచే ద్రవ్యాలు ఆ మడ్డిని కడిగివేస్తే పాత గాయం బయటపడుతుంది. అప్పుడు మార్చవలసినది సీలును.

ఈ రెండు నూనెలు కలిస్తే విరిగిపోతాయనడం మాత్రం అపోహ. సెమీ సింథటిక్ అనేది ఆ రెండింటి మిశ్రమమే.

మా అభిప్రాయం

ఇంజను పొగ విడువక, కారక, సరైన పీడనం చూపుతున్నట్లయితే, తయారీదారు చెప్పిన గ్రేడులోనే సింథటిక్ నూనె నిరభ్యంతరంగా వాడవచ్చు. కాని ఎక్కువ కాలం మన్నుతుందని మార్పును వాయిదా వేయరాదు. కార్బురేటరు ఇంజనులో కాలని పెట్రోలు నూనెలోకి దిగుతుంది. తక్కువ దూరాలు తిరిగే బండిలో నీటి ఆవిరి చేరుతుంది. ఈ రెండూ ఖరీదైన నూనెను కూడా పాడుచేస్తాయి. ఇక నీలిపొగ విడిచే ఇంజనులో సింథటిక్ పోయడం చిల్లికుండలో నెయ్యి పోయడమే. అట్టివారు తగిన గ్రేడు మినరల్ నూనెను వేళకు మార్చుకొని, మిగిలిన సొమ్ముతో రింగులు, సీళ్లు బాగుచేయించుకొనడం మేలు. నూనె ఏదైనా సరే, వారానికొకసారి డిప్‌స్టిక్కు తీసి మట్టం చూడడం మరువరాదని మా మనవి.