పక్క బెంచీ చదువు: అమెరికా హైస్కూల్లో చేరబోయే మన పిల్లల కోసం

నెల్లిమర్లలో పదో తరగతి పిల్ల లెక్కల్లో వెనకబడిందంటే ఇంట్లోవాళ్లు ముందు వెతికేది ప్రైవేటు మాస్టారిని. ఊళ్లో కుదరకపోతే విజయనగరం పంపిస్తారు. ఆ అలవాటుతోనే అమెరికా వెళ్లిన కుటుంబం, పిల్లని బళ్లో వేసిన వారానికే ట్యూషన్ ఎక్కడ చెబుతారని అడగడం మొదలుపెడుతుంది. ఆ మాట దగ్గరే మొదటి తికమక. అక్కడ ట్యూషన్ అంటే కాలేజీకి కట్టే ఫీజు. విడిగా పాఠం చెప్పడాన్ని ట్యూటరింగ్ అంటారు. అందులో పీర్ ట్యూటరింగ్ అని ఒకటుంది. అదే బళ్లో చదివే పిల్లలు, చాలాసార్లు ఒకటి రెండు తరగతులు పైవాళ్లు, తోటి పిల్లలకు ఉచితంగా పాఠం చెబుతారు. 1921లో పుట్టిన నేషనల్ ఆనర్ సొసైటీ శాఖలు చాలా హైస్కూళ్లలో దీన్ని సేవగా నడుపుతున్నాయి. మనవాళ్లు మాత్రం దీన్ని లెక్కలోకి తీసుకోరు. పిల్లలకి పిల్లలేం చెబుతారని వాళ్ల అనుమానం. డబ్బు కట్టి మాస్టారిని పెట్టేముందు దీన్నే అడగండని నేనంటాను. ఇంకో మాట కూడా: మీ పిల్ల చెప్పించుకుని ఊరుకోకూడదు, మొదటి ఏడాదిలోనే ఎవరో ఒకరికి చెప్పాలి కూడా.

ఎందుకంటే, లెక్కల్లో మన పిల్లలు అక్కడ తడబడేది విషయంలో కన్నా మాటలో. వర్గ సమీకరణాలు, శ్రేఢులు, త్రికోణమితి మన పదో తరగతి పుస్తకంలోనే ఉన్నాయి. అక్కడి ఆల్జీబ్రా 2లో వచ్చేవి చాలావరకు చూసినవే. కానీ "ఎక్స్ ప్లస్ త్రీ హోల్ స్క్వేర్" అంటే పక్క పిల్లకి అర్థం కాదు, ఆ "హోల్" అక్కడ వాడుకలో లేదు. "త్రీ ఇంటూ ట్వెల్వ్" మనకి ముప్పై ఆరు. అదే మాట అక్కడి పిల్ల చెవిన పడితే పన్నెండులో మూడు ఎన్నిసార్లు పోతుందని, అంటే నాలుగు. "ఐ హావ్ ఎ డౌట్" అని మనం ప్రశ్న అడగబోతాం. వాళ్లకది మీరు చెప్పింది నమ్మడం లేదన్నట్టు వినిపించవచ్చు. ఇవేవీ ఇక్కడి నుంచి ఆన్‌లైన్లో చెప్పే మాస్టారు సరిదిద్దలేరు, ఆయన మాటలూ ఇవే కాబట్టి. చలికాలంలో న్యూజెర్సీలో సాయంత్రం ఏడయితే నెల్లిమర్లలో తెల్లవారి ఐదున్నర. అంత పొద్దున్నే లేచి ఆయన ఎంత శ్రద్ధగా చెప్పినా పిల్ల చుట్టూ ఉన్న తరగతి ఆయనకి వినపడదు. పక్క బెంచీ పిల్లకి వినపడుతుంది.

ఇక చెప్పే వైపు కూర్చుంటే ఏమవుతుందో చూడండి. మన పిల్ల వర్గ సమీకరణం సూత్రం గడగడా అప్పజెబుతుంది. ఎదుటి పిల్ల "అదెక్కడి నుంచి వచ్చింది?" అనగానే ఆగిపోతుంది. అప్పుడు కాగితం తీసి బొమ్మ గీయాలి. ఎక్స్ పొడవు, ఎక్స్ వెడల్పు ఉన్న చదరం ఒకటి. దాని పక్కన మూడు వెడల్పు పట్టీ, కింద మూడు వెడల్పు పట్టీ. రెండూ కలిపితే 6 ఎక్స్. మూలన చిన్న చదరం ఖాళీగా మిగులుతుంది. దాని వైశాల్యం 9. ఆ తొమ్మిది వేస్తే పెద్ద చదరం నిండుతుంది, దాని భుజం ఎక్స్ ప్లస్ 3. సూత్రానికి మూలం ఈ ఖాళీని నింపడంలోనే ఉంది. బట్టీపట్టిన పిల్లకి ఈ బొమ్మ అవసరం ఎప్పుడూ రాలేదు. ఇంకొకరికి చెప్పాల్సి వచ్చినప్పుడే వచ్చింది. అక్కడి పరీక్షల్లో జవాబుతో పాటు అది ఎలా వచ్చిందో వివరించమని అడగడం మామూలే.

చెప్పేవాడి చదువు గట్టిపడుతుందన్నది కొత్త సంగతి కాదు, పరాయిదీ కాదు. మన వీధి బడుల్లో పెద్ద పిల్లలే చిన్నవాళ్లకి ఇసుకలో అక్షరాలు దిద్దించేవారు. 1789లో మద్రాసు ఎగ్మూరు అనాథ బాలుర ఆశ్రమం బాధ్యత తీసుకున్న ఆండ్రూ బెల్, స్థానిక బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూసి ఆ పద్ధతి తన ఆశ్రమానికి తెచ్చాడు. చిన్నవాళ్లకి అక్షరాలు నేర్పే పని ఎనిమిదేళ్ల పిల్లవాడికి అప్పగించాడు. 1797లో లండన్‌లో ఆయన పుస్తకం అచ్చయ్యాక, పిల్లల చేత పిల్లలకి చెప్పించే ఈ ఏర్పాటు మద్రాసు పద్ధతిగా ఇంగ్లండంతా పాకింది. 1823లో బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్, తన జిల్లాలోని తెలుగు, కన్నడ బడుల గురించి పంపిన నివేదికలో, వెనకున్నవారికి ముందున్నవారు చెబుతూ తమ చదువునీ స్థిరపరచుకుంటారని మెచ్చుకున్నాడు. 1982లో పరిశోధకులు కోహెన్, కులిక్ దంపతులు ట్యూటరింగ్ మీద వచ్చిన 65 అధ్యయనాలు కలిపి లెక్కగడితే తేలిందీ అదే: చెప్పించుకున్నవారూ, చెప్పినవారూ ఇద్దరూ ఆ విషయంలో మెరుగుపడ్డారు. అయితే ఇంగ్లండులో ఆ పద్ధతి నిలవలేదు. ఒక్క మాస్టారి కింద వందల మంది పిల్లలని కూర్చోబెట్టి ఖర్చు మిగుల్చుకోవాలని చూశారు, చదువు యాంత్రికమైపోయింది. 1846 నుంచి వేరే ఏర్పాటు మొదలైంది. కాబట్టి మనం అడగాల్సింది ఒకరికి ఒకరు చొప్పున కూర్చునే ఏర్పాటు, పర్యవేక్షించే టీచరు ఉన్న ఏర్పాటు.

తోటి పిల్ల తప్పు చెబితే? చెప్పవచ్చు. అందుకే బడి అయ్యాక టీచరు ఇచ్చే అదనపు సమయాన్ని వదులుకోకూడదు; తేలని ప్రశ్నలు అక్కడికి తీసుకెళ్లాలి. ఇంకొకరి కోసం మా పిల్ల టైము పోతుందంటే, ఆ బొమ్మ గీసినప్పుడు ఎవరికి లాభమో పైన చూశాం. కాపీ భయం మాత్రం నిజమైనది. హోంవర్కు రాసిపెట్టడం, వ్యాసం తిరగరాసి ఇవ్వడం అక్కడ పెద్ద తప్పు. అదే రకం వేరే లెక్క చేసి చూపించి, ఇచ్చిన లెక్క పిల్ల చేతే చేయించాలి. పదకొండో తరగతిలో చేరిన పిల్లకి ఇంగ్లీషు వ్యాసం అసలు రాకపోతే, ఉన్నది రెండేళ్లే కనుక, డబ్బిచ్చి మంచి ట్యూటరుని పెట్టడంలో తప్పులేదు. ఉచితమన్న మొండితనంతో పిల్లని నలపకండి.

బళ్లో చేర్చేటప్పుడు ఇంటి భాష ఏమిటని కాగితం ఇస్తారు. తెలుగు అని రాస్తే పిల్లని వెనక తరగతిలో వేస్తారేమోనని ఇంగ్లీషు అని రాసేవాళ్లున్నారు. అలా చేయవద్దు. ఇంగ్లీషు రాని పిల్లలకు బడి సాయం చేసి తీరాలని 1974లోనే అమెరికా సుప్రీంకోర్టు లావ్ కేసులో తేల్చింది; నిజం రాస్తేనే ఆ సాయం అవసరమా కాదా అన్న పరీక్ష పెడతారు. ఇంగ్లీషులో సాయం తీసుకుంటున్న పిల్ల లెక్కల్లో సాయం చేయడానికి ఏ అడ్డూ లేదు. హెచ్-4 వీసా మీదున్న పిల్లలు డబ్బు తీసుకుని పాఠం చెప్పకూడదు, బడి తరఫున సేవగా చెప్పవచ్చు. బళ్లో ఏర్పాటు లేకపోతే సాల్ ఖాన్ 2020లో మొదలుపెట్టిన స్కూల్‌హౌస్ డాట్ వరల్డ్ అనే ఆన్‌లైన్ ట్యూటరింగ్ సైటు ఉంది. అక్కడ చెప్పదలచినవారు ముందు తమకు ఆ పాఠం వచ్చని వివరిస్తూ రికార్డు చేసి చూపాలి.

పీర్ ట్యూటరింగ్ కోసం బడి కౌన్సెలర్‌ని కలిసినప్పుడు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది, చాలామంది మరిచిపోయేది. పీర్ ట్యూటరింగ్ ఎక్కువగా బడి వదిలాక జరుగుతుంది, అప్పటికి పసుపు స్కూలు బస్సు వెళ్లిపోతుంది. ఇక్కడైతే సైకిలో ఆటోనో ఉంటుంది. కొత్తగా వెళ్లిన ఇంట్లో కారు ఒక్కటే, అదీ ఆఫీసుకి పోయి ఉంటుంది. ఆలస్యంగా నడిచే లేట్ బస్ ఏ రోజుల్లో ఉందో, లేకపోతే భోజనం వేళలోనో పొద్దున బడి మొదలవకముందో కూర్చునే వీలుందో ముందే కనుక్కోండి.